గృహిణీ విజ్ఞానము: ఊకబొగ్గు, ఎఱ్ఱనేల



అమరకోశము వల్లించిన వారికి అగ్నిదేవుని పేళ్లలో "కృష్ణవర్త్మ" అను పేరు జ్ఞాపకముండును. నడచిన త్రోవ నల్లగా మిగులువాడని దాని యర్థము. "ఆశ్రయాశుడు" అనునది మఱియొక పేరు. తనకు ఆశ్రయమిచ్చిన దానినే తినివేయువాడని దానికర్థము. మనము పొయ్యి యొద్ద ప్రతిదినమును ఈ రెండు పేళ్లను కన్నులార చూచుచునే యున్నాము. గాలి ధారాళముగా తగిలినచో కట్టె యంతయు హరించిపోయి తెల్లని బూడిద మిగులును. గాలి చాలకున్నను, నడుమ నీళ్లు చల్లి ఆర్పినను, నల్లని బొగ్గు మిగులును. ఈ మాసమున నేను వ్రాయదలచినది ఆ రెండవదానిని గూర్చి. పంటల వ్యర్థములను కాల్చి శక్తిని తీసికొనగా మిగిలిన బొగ్గును పొలమున కలిపినచో కొన్ని నేలలు బాగుపడునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వారు దానికి బయోచార్ అని పేరుపెట్టినారు. నేలబొగ్గు అందమన్న ఆ మాట పూర్వమే గనులలోని రాక్షసిబొగ్గునకు చెల్లిపోయినది. కాబట్టి నేను చేనిబొగ్గు అని వ్యవహరించెదను.

వరి పండు సీమలో ఊకకు కొఱత లేదు. 100 కిలోల ధాన్యము మరపట్టించినచో 20 కిలోలకు అటునిటుగా ఊక దిగును. మన అమ్మమ్మల కాలమున ఆ ఊక యింటికే వచ్చెడిది. గోడ మెత్తు మట్టిలోనికి కొంత, ఊకపొయ్యికి కొంత, ఇటుకబట్టీకి కొంత వెళ్లెడిది. ఇప్పుడు ధాన్యము కళ్లమునుండి నేరుగా మిల్లునకు పోవుచున్నది. ఊకయు అక్కడనే నిలిచిపోవుచున్నది. ఉప్పుడుబియ్యపు మిల్లులలో ఆ ఊకనే బాయిలరులో మండించి ఆవిరి పుట్టింతురు. ఊకను, సరుగుడు మండలను, గోగుపుల్లలను మండించి విద్యుత్తు తీయుటయు సాధ్యమే. చెఱకుపిప్పితో విద్యుత్తు తీయు ఏర్పాటు సంకిలి చక్కెర కర్మాగారమున కలదు. పలాస, కాశీబుగ్గల చుట్టుపట్ల జీడిపిక్కల పెంకులను, ఉద్దానమున కొబ్బరి డొక్కలను, చిప్పలను వంటచెఱకుగా వాడుట మనమెఱుగనిది కాదు. ఇంత అగ్నికార్యము జరుగుచున్నప్పుడు అడుగున మిగులునది ఎచ్చటికి పోవుచున్నదో విచారింపవలదా?

నేనెఱిగిన యొక గ్రామమున అది యింటి కప్పులమీదికి పోవుచున్నది. అక్కడి మిల్లు గొట్టమునుండి లేచు బూడిద గాలి వాలునుబట్టి వీధిలో పడును. ఆరవేసిన వడియములు, అప్పడములు బూడిదరంగు తేలును. పసిపిల్లల కన్నులు మండును. బూడిదను ఎత్తి చెఱువుగట్టున పోయుదురు. వాన వచ్చినచో అది చెఱువులోనికి దిగును. ఆ బూడిదనే బండికెత్తుకొని పొలమున చల్లుకొనినచో సరిపోదా యని ఒకరిద్దరు సోదరీమణులు నన్నడిగిరి. ఈ వ్యాసమునకు పుట్టుక ఆ ప్రశ్నయే.

దానికి సమాధానము అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పరాదు. బాయిలరులో ఊకకు గాలిని మెండుగా ఊదుదురు. ఎంత బాగుగా మండిన అంత ఆవిరి వచ్చునని వారి యాశయము. అట్లు పూర్తిగా మండిన 100 కిలోల ఊకనుండి 20 కిలోల బూడిద మిగులును. అందులో అధికభాగము సిలికా, అనగా ఇసుకజాతి పదార్థము. వరిమొక్క కాండమును గట్టిపఱచుకొనుటకు సిలికాను గ్రహించు మాట నిజమే. బూడిదలో కొంత పొటాషు కూడ ఉండును. కాని అది చేనిబొగ్గు కాదు. అందులో కార్బనుండవలసిన చోట కార్బను లేదు. అది యంతయు గొట్టమునుండి గాలిలో కలిసినది.

గ్యాసిఫయరు అను యంత్రము వేఱు. అందులో ఊకకు కావలసినంత గాలి నీయరు. సగము ఉపవాసముంచినట్లు కొంచెము కొంచెముగా ఇత్తురు. అప్పుడు ఊక మండుటకు మాఱుగా మగ్గి, మండెడు వాయువును విడుచును. ఆ వాయువును శుభ్రపఱచి ఇంజనులోనికి పంపి విద్యుత్తు తీయుదురు. యంత్రమునుండి అడుగున దిగునది నల్లని బొగ్గు. బీహారు రాష్ట్రమున పశ్చిమ చంపారణ్యములోని తమకుహా అను పల్లెలో 2007వ సంవత్సరమున హస్క్ పవర్ సిస్టమ్స్ అను సంస్థవారు ఇట్లే ఊకవాయువుతో దీపములు వెలిగించిరి. మిగిలిన ఊకబొగ్గును ఆ ప్రాంతపు స్త్రీలచేత అగరువత్తులుగా చుట్టించిరని చదివినప్పుడు నాకు సంతోషమును కలిగినది, కొంచెము నవ్వును వచ్చినది. దేవుని యెదుట వెలిగించిన వెంటనే ఆ కార్బను మరల ఆకాశమునకే పోయినది గదా! అయినను వారి చేతికి నాలుగు డబ్బులు వచ్చినవి. అది చిన్న మాట కాదు.

కావున మిల్లు బూడిద తెచ్చుకొనదలచిన వారు మొదట దాని రంగు చూడవలెను. తెల్లగానో బూడిదవన్నెగానో యున్నది బూడిద. నల్లగా నుండి, వ్రేళ్ల నడుమ నలిపినప్పుడు మసియై అంటుకొనునది, నీటిలో వేసినచో చాలభాగము తేలునది, బొగ్గు. మఱియొక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. రాక్షసిబొగ్గుతో నడచు విద్యుత్కేంద్రముల బూడిదను దీనితో కలిపి తలంపరాదు. పరవాడ యొద్ద సింహాద్రి కేంద్రము వంటి వానినుండి వచ్చు బూడిద భూగర్భమునుండి త్రవ్విన బొగ్గుది. దానిలో లోహములుండును. దానిని సిమెంటునకు, ఇటుకలకు వాడుదురు. మన కూరమడికి అది పనికిరాదు.

ఇక బొగ్గు నేలలో ఏమి చేయునో చెప్పెదను. "ఏటమ్మా, బొగ్గులు తిని మొక్క బతుకుతాదేటి?" అని మా వీధి చివర నున్న రైతుటిల్లాలు నన్నడిగినది. మొక్క బొగ్గును తినదు. బొగ్గు ఎరువే కాదు. ఒక ముక్కను విఱిచి చూచినచో దానినిండ కంటికానని సన్నని గదులుండును. కట్టెగానో ఊకగానో యున్నప్పుడు రసము ప్రవహించిన దారులే అవి. అన్నియు ఖాళీగా నిలిచియున్నవి. ఆ గదులు వాననీటిని పట్టియుంచును. గత్తములోని సత్తువ నీటితో క్రిందికి జాఱిపోకుండ నిలుపును. కంటికానని సూక్ష్మజీవులకు ఇల్లగును. ఆ యిల్లాలికి నేను, "వదినా, అది అన్నము కాదు, అన్నము దాచు ఉట్టి" యని చెప్పినాను. ఆమెకు తెలిసినది.

మన రెండు జిల్లాలలోను మెట్టభూములలో చాలభాగము ఎఱ్ఱనేలలు, ఇసుకపాలు హెచ్చైనవి. సంవత్సరమునకు 1000 మిల్లీమీటర్లకు పైబడి వాన కురియును గాని, కురిసిన నీరు నిలువదు. పోసిన గత్తము రెండు వానలకు ఎక్కడికి పోవునో తెలియదు. వేడిదేశములలో ఆకు అలములు త్వరగా క్రుళ్లి గాలిలో కలియును. ఇట్టి నేలలకే చేనిబొగ్గు ఎక్కువ యుపకరించును. దేశదేశముల పరీక్షలను కూర్చి 2017లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఉష్ణదేశములలో సగటున నూటికి 25 వంతుల దిగుబడి పెరిగినట్లును, చలిదేశముల సారవంతమైన నేలలలో ఏమియు పెరుగనట్లును తేలినది. ఆ పరీక్షలోని రెండవ సగమును మఱువరాదు. బొగ్గు స్వభావము కారము, అనగా పులుపునకు విరుద్ధము. పుల్లని నేలకు అది మందు. చౌడుపట్టిన నేలకు అదే మందు వేసినచో రోగము హెచ్చును. అమరసింహుడు సర్వసస్యములు పండు నేలను ఉర్వర యనియు, చవుడు నేలను ఊషర యనియు విడివిడిగ చెప్పినాడు. వైద్యము కూడ విడివిడిగ చేయవలసినదే. ఒకసారి మన్ను పరీక్ష చేయించుకొని, దాని కాగితము చూచిన పిమ్మటనే పొలమునకు వేయుట మంచిది.

ఇది క్రొత్తగా కనిపెట్టిన విద్యయు కాదు. దక్షిణ అమెరికాలో అమెజాను నదీతీరమున అడవి నేల నిస్సారమైనది. అయితే అక్కడక్కడ నల్లని మంచిమన్ను గల చెక్కలున్నవి. పోర్చుగీసు భాషలో దానిని టెర్రా ప్రేటా, అనగా నల్లమన్ను అందురు. త్రవ్వి చూడగా ఆ మన్ను దైవికముగ ఏర్పడినది కాదనియు, వేయి రెండువేల యేండ్ల క్రిందట అక్కడి ప్రజలు చేసినదనియు తెలిసినది. అందులో నేమున్నవి? పొయ్యిబొగ్గులు, చేపముళ్లు, ఎముకలు, పగిలిన కుండపెంకులు. అనగా ఆ యింటి యిల్లాండ్రు ఊడ్చి పారబోసిన చెత్త! వారి పేళ్లు ఎవరికిని తెలియవు. భాష నశించినది, ఊళ్లు అడవి యైనవి. వారి పెంటకుప్ప మాత్రము నేటికిని పంట పండించుచున్నది. డచ్చి శాస్త్రజ్ఞుడైన విం సోంబ్రూక్ 1966లో అమెజాను నేలలను గూర్చి గ్రంథము వ్రాసి ఈ మన్నును లోకమునకు చక్కగా పరిచయము చేసెను. జపానువారును ఊకను బొగ్గుచేసి నారుమళ్లకు వాడుదురు. దానిని వారు కుంతన్ అందురు.

మన దేశమున హైదరాబాదులోని కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధనాసంస్థవారు, వాడుకలో క్రిడా అనబడువారు, పాత నూనెడ్రమ్మును కొలిమిగా మార్చి ప్రత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్నదంటు మొదలగువానిని బొగ్గుచేయు పద్ధతిని రూపొందించిరి. డాక్టరు ఎన్. సాయిభాస్కరరెడ్డిగారు తెలుగుదేశమున బయోచార్‌ను గూర్చి పలుకాలముగా ప్రచారము చేసినవారు. పొగ తక్కువగా వచ్చు పొయ్యిలను కూడ ఆయన రూపొందించిరి. పొయ్యికిని పొలమునకును ఆయన ముడివేసిన తీరు నాకు నచ్చినది. కొన్ని పొయ్యిలలో కట్టెను పైనుండి ముట్టింతురు. పుట్టిన వాయువు పైన మండును, అడుగున బొగ్గు మిగులును. వంట ముగిసిన వెంటనే నీళ్లు చల్లినచో ఆ బొగ్గు దక్కును. ఒక్క కట్టెతో అన్నమును, ఎరువునకు ఉట్టియు.

మంచి మాటలు చాలినవి. ఇక నాకుగల సంశయములు చెప్పెదను. ఊక, డొక్క, పుల్ల వ్యర్థములని పట్టణమునుండి వచ్చినవారు అందురు. పల్లెలో వ్యర్థమైనది ఏది? వరిగడ్డి పశువుల మేత. గోగుపుల్ల బీదయింటి దడి, కప్పు, వంటచెఱకు. తాటిమట్ట కూడ పనిలేక పడియుండదు. గడ్డినంతయు బొగ్గు చేసి పొలమునకు వేసి, ఆవునకు మేత కొనుక్కొనుట తెలివిగల సంసారము కాదు. కూలికి పోవు స్త్రీ ప్రొద్దున లేచి ఏరుకొను పుల్లలు ఎవరి కొలిమిలోనికో పోయినచో ఆమె పొయ్యి ఎట్లు వెలుగును? చెట్లు నఱికి చేనిబొగ్గు చేయుట మాట యెత్తనేకూడదు. మేతకును, పొయ్యికిని, కప్పునకును పోగా మిగిలినదే దీనికి పనికివచ్చును. మిల్లులలో మిగిలిన ఊక, పొలముననే తగులబెట్టు మొక్కజొన్నకట్టె, తోటలలో పోగులుపడి చెదలు పట్టు కొబ్బరిమట్ట అట్టివి.

ఉద్దానమువారికి ఈ మాట వేఱుగా వినబడును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినప్పుడు కొబ్బరితోటలును జీడితోటలును నేలకొఱిగినవి. కన్నబిడ్డలవలె పెంచిన చెట్లు దారులకడ్డముగా పడియుండెను. అట్టి తోటలో పడిన చెట్టును తీసివేయుటయే ఒక వ్యయము. తుపానులు మరల రాకమానవు. పడిన మట్టలను, మొవ్వులను ఊరక తగులబెట్టక బొగ్గుచేసి, మరల నాటు మొక్క గోతిలోనే వేయు ఉపాయము ముందుగ తెలిసియుండుట మేలు.

సీతంపేట కొండలలో సవరలు కాల్చు పోడు గూర్చి ఒకరు అడిగినారు. పోడులో మంట బయటిగాలిలో మండును గనుక బూడిదయే హెచ్చు. ఆ బూడిద మొదటి పంటకు సత్తువనిచ్చి పిమ్మట వానకు కొట్టుకొనిపోవును. చేనిబొగ్గు అట్లు పోదు. వందలయేండ్లు నేలలో నుండును. దీనినిబట్టియే ఇప్పుడు లోకమునకు దీనిపై కన్నుపడినది. మొక్క గాలినుండి గ్రహించిన కార్బను క్రుళ్లినను, కాలినను మరల గాలిలోనికే పోయి భూమిని వేడెక్కించును. బొగ్గై నేలలో పడినచో అది చిరకాలము అక్కడనే నిలుచును. ఒక కిలో కార్బను నేలలో నిలిచినచో 3.67 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలోనికి పోకుండ ఆగినట్లు లెక్క. ఈ లెక్కకు ధర కట్టి కొనువారున్నారు. 2025 జనవరిలో గూగుల్ సంస్థవారు మన దేశపు వరాహ అను సంస్థనుండి చేనిబొగ్గు ద్వారమున 1,00,000 టన్నుల లెక్కను 2030 లోపల కొనుటకు ఒడంబడికను ప్రకటించిరి. వరాహమూర్తి భూమిని కోఱపై నెత్తినాడని మనకు తెలియును. ఈ కాలపు వరాహము ఎత్తుట యెంతయో ముందుముందు చూడవలసియున్నది. నేను కోరునది ఒక్కటే. ఎవరు ఎండలో నిలిచి, పొగ మ్రింగి బొగ్గు చేయుదురో, ఆ సొమ్ములో వారి పాలు ఎంతయో ముందే కాగితముమీద ఉండవలెను. మహిళాసంఘముల పుస్తకములు వ్రాయు సోదరీమణులు ఇట్టి ఒప్పందము తమ యూరికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నను మొదట అడుగుదురుగాక.

ఇంటిపెరటికి కావలసినంత ఊకబొగ్గు చేసికొనుట కష్టము కాదు. ఒక పాత రేకుడబ్బాకు నలువైపుల మేకుతో తూట్లు పొడిచి, బోర్లించి, పైభాగమున రంధ్రము చేసి చేయెత్తు రేకుగొట్టమును నిలుపవలెను. డబ్బాలోపల పుల్లలతో నిప్పుచేసి, చుట్టును ఊకను గుట్టగా పోయవలెను. డబ్బా దగ్గఱనుండి ఊక క్రమముగా నల్లబడుచు వచ్చును. పైకి నల్లమచ్చ కనబడినచోట పాఱతో ప్రక్క ఊకను దానిపైకి త్రోయుచుండవలెను. రెండు మూడు గంటలకు గుట్ట యంతయు నల్లనగును. అంతట ఆలస్యము చేయక, వెడల్పుగా పఱచి, నీళ్లు బాగుగ పోసి ఆర్పవలెను. ఈ నీళ్లలో లోభము పనికిరాదు. లోపల ఒక్క కణిక మిగిలినను తెల్లవారునప్పటికి బొగ్గంతయు బూడిదయగును. కొబ్బరిమట్టలకైనచో పైన వెడల్పుగా, అడుగున ఇఱుకుగా నొక గొయ్యి త్రవ్వి, అడుగున మంటచేసి, వేసినదానిపై తెల్లని బూడిద పొర కనబడగానే మఱియొక వరుస వేయుచు పోవలెను. పైమంట క్రిందిదానికి గాలి తగులనీయదు.

గాలిలేని దినమున, గడ్డిమేటుకును ఇంటికప్పుకును దూరముగా, పమిటచెంగు బిగించుకొని, పిల్లలను దూరముంచి ఈ పని చేయవలెను. ఊక, కట్టె బాగుగ ఎండియుండవలెను. పచ్చివి పొగను కక్కును. రంగువేసిన చెక్క, ప్లాస్టిక్కు చేర్చరాదు. ఆఱిపోవని బొగ్గును గంపకెత్తి ఇంటిలోపల పెట్టుట ప్రాణాపాయము. తలుపులు మూసిన గదిలో నిప్పుకణికలనుండి వచ్చు వాసనలేని విషవాయువు నిద్రలోనే మనుష్యులను చంపును. పొడిబొగ్గును ఎత్తునప్పుడు తడిచేసి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

చేసిన బొగ్గును నేరుగా మడిలో వేయరాదు. ఖాళీగానున్న ఆ గదులు మొదట నేలలోనున్న సత్తువనే పీల్చుకొనును. ఆ కారు మొక్క పసుపుబాఱును. బొగ్గునకు సమముగా మాగిన గత్తము కలిపి, ఆవుపంచితమునో జీవామృతమునో చిలికి, నీడలో తడి ఆఱకుండ రెండు మూడు వారములుంచవలెను. ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతుసాధికారసంస్థవారు నడుపుచున్న ప్రకృతిసేద్యములో చేరిన సోదరీమణులకు జీవామృతము చేయుట నేను నేర్పనక్కఱలేదు.

ఎంత వేయవలెను? పరిశోధనాక్షేత్రములలో హెక్టారునకు 10 టన్నులు, అంతకు పైబడియు వేసి చూచినారు. ఎకరమునకు 4 టన్నులన్న మాట. 100 కిలోల ఊకకు 30, 35 కిలోల బొగ్గు దిగును. 4 టన్నుల బొగ్గునకు ఊక ఎన్ని బండ్లు కావలెనో లెక్కవేసికొనినచో సామాన్యుడైన రైతు పొలమంతకు వేయుట యెంత కష్టమో తెలియును. నారుమడికి, పాదులకు, మామిడి కొబ్బరి గోతులకు వేసికొనుట యుక్తము. పది గంపల మంటికి ఒక గంప మాగిన బొగ్గు చాలును. ఏటేట కొంచెము వేసినను అది కరగిపోవునది కాదు గనుక కూడుచునే వచ్చును.

మా పెరటిలో వంగమడిని రెండు భాగములు చేసి ఒకదానికి గత్తము మాత్రము, రెండవదానికి గత్తముతోపాటు ఊకబొగ్గును వేసితిమి. మా వారు బడిపిల్లలచేత ప్రతివారము మొక్కల యెత్తు కొలిపించి పలకమీద వ్రాయించిరి. ఎత్తులో భేదము స్వల్పము. కాయలో కొంత హెచ్చు. నీటిలో మాత్రము భేదము స్పష్టము. వేసవిలో మొదటిమడికి దినము విడిచి దినము పోయవలసివచ్చినది, రెండవదానికి మూడవదినమున పోసినను ఆకు వాడలేదు. రెండు బిందెలు మోయువారికి ఒక బిందె తగ్గుట ఎట్టిదో చెప్పనేల? ఒక్కయింటి పెరడు ప్రమాణము కాదు. పార్వతీపురము వైపు కొండదిగువ నేలలో, సోంపేట ఇసుకలో, చీపురుపల్లి ఎఱ్ఱమంటిలో చేసి చూచిన సోదరీమణులు రెండు మడుల లెక్కను ఒక కార్డుమీద వ్రాసి పంపినచో సంక్రాంతి సంచికలో అన్నిటిని కలిపి ప్రకటించెదను. మన్ను రంగు, వేసిన గంపలు, పోసిన బిందెలు వ్రాసిన చాలును.